గుమ్మం దాటని పిల్లవాడు

సన్యాసమ్మ నోటికి జడిసి ఆ వీధిలో కుక్కలు కూడా అవతలి పక్కనుంచి పోతాయని చెప్పుకుంటారు. కుక్కల సంగతేమో గానీ, తల్లులు మాత్రం నిజంగానే జడిసేవారు.

దువ్వాడ స్టేషనుకు ఇవతల, ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చినవాళ్ళ కాలనీలో ఆమెది రెండు గదుల రేకుల ఇల్లు. పొద్దున్నే పనుల్లోకి పోయే ఆడవాళ్ళు ఇంకా బడి ఈడు రాని పిల్లల్ని ఆమె దగ్గర దింపి, సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. బోర్డు లేదు, పేరు లేదు. "సన్యాసమ్మ కాడ ఒగ్గీసినాను" అంటే చాలు, అందరికీ తెలుసు.

ఆమెకొక పద్ధతి ఉంది. పిల్ల ఎవరిదైనా సరే, ముందు గుమ్మం బయట అరుగు మీద ఆమె ఒళ్ళో కూర్చోవాలి. నోరు తెరిపించి చూస్తుంది. అరచేతులు తిప్పి చూస్తుంది, చెవుల వెనక తడుముతుంది, చొక్కా ఎత్తి పొట్టా వీపూ చూస్తుంది. అప్పుడే లోపలికి. ముక్కు కారితే పట్టించుకోదు, ముక్కు కారని పిల్ల పిల్లే కాదంటుంది. కళ్ళు ఎర్రబడినా, ఒంటి మీద పొక్కు కనబడినా మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా గుమ్మం దాటనివ్వదు. పూర్వం అంగన్వాడీలో ఆయాగా ఉన్న రోజుల్లో, ఒక్క పిల్లతో మొదలైన కళ్ళకలక ఊరంతా తిరగడం చూసింది. ఆ పట్టుదల అప్పటిది. "ప్లాంటు గేటుకాడ కూడా ఇంత సెకింగు నేదమ్మా" అని తల్లులు చాటుగా నవ్వుకునేవారు.

ఒకనాడు రోజారమణి కూతురు లాస్య పొట్ట మీద రెండు ఎర్రమచ్చలు కనబడ్డాయి. రోజారమణి ప్లాంటు క్యాంటీన్లో కాంట్రాక్టు కింద గిన్నెలు తోముతుంది.

"దోమలు పిన్నీ. రాత్రి కరెంటు పోనాది, నీకూ తెలుసు కదా."

"దోమ సొక్కా ఎత్తి మరీ కుడతాదేటి? ఎల్లు. తగ్గినాక తీసుకురా."

అరుగు దగ్గర నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. రోజారమణి తలెత్తలేదు.

"ఈయాల నాగా ఎడితే మేస్త్రీ ఊరుకోడు పిన్నీ."

"మీ మేస్త్రీకి నాను జవాబు సెప్పాలేటి? లోపల ఇంతమంది గుంటలున్నారు. ఆళ్ళ అమ్మలకి సెప్పాల నాను జవాబు!"

తీరా చూస్తే అవి దోమకాట్లే. మర్నాటికి మాయమయ్యాయి. సన్యాసమ్మ తప్పయిందనలేదు. "జాగర్త పడితే పోయిందేటి?" అని ఊరుకుంది. పోయింది రోజారమణికే. మేస్త్రీ ఆమెను క్యాంటీన్ నుంచి తీసి, ఎండలో రోడ్లు ఊడ్చే పనిలో వేశాడు. అయినా ఆమె లాస్యను అక్కడే దింపేది, వేరే దిక్కు లేక. దింపేటప్పుడు మాత్రం మాట్లాడేది కాదు.

మాఘమాసం వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులవి. సన్యాసమ్మ కూతురు ఆశాజ్యోతి తల్లి దగ్గరే ఉంటూ గాజువాకలో బట్టల కొట్లో పనిచేస్తుంది. ఆమె కొడుకు సుమంత్‌కి ఒళ్ళు వెచ్చబడింది. సన్యాసమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు, దిష్టేనని తేల్చేసింది. ఆ సాయంత్రం కొడుకును తీసుకుపోవడానికి వచ్చిన హిమబిందు, ఏడుస్తున్న సుమంత్‌ని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు జోకొట్టింది. ఆమె నిండు చూలాలు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లలందరూ వరసగా కూర్చుని పప్పన్నం తింటూ ఉంటే, వాళ్ళ మధ్యనే పడుకుని మూలుగుతున్న మనవడికి ఒళ్ళు తుడుద్దామని సన్యాసమ్మ చొక్కా తీసింది. వీపు నిండా నీటిపొక్కులు. కొన్ని అప్పుడే లేస్తున్నాయి, కొన్ని చితికిపోయాయి. ఆటలమ్మ!

తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఇంతమంది పిల్లల పొట్టలు రోజూ ఎత్తి చూసిన మనిషి, తన పక్కలో పడుకునే పిల్లవాడి వీపు చూసుకోలేదు. ఎలా చూస్తుంది? అందరూ గుమ్మం బయటనుంచి వచ్చేవాళ్ళు. వాడు తెల్లారేసరికే లోపల ఉన్నవాడు. రోగమంటే వీధిలోంచి నడిచి వస్తుందనీ, తన ఇంట్లో పుట్టదనీ ఆమె ధీమా. ఆ ధీమా ఇప్పుడు వాడి వీపు మీద పొక్కులై లేచింది.

ఫోను చేస్తే ఆశాజ్యోతి పరుగున వచ్చింది. కొడుకును చూసి ఏడ్చింది, కళ్ళు తుడుచుకుంది, తల్లిని పెరట్లోకి లాక్కుపోయింది.

"అమా, ఎవులికీ సెప్పకు. లోపలి గదిలో పడుకోబెట్టి తలుపేసీద్దాం. ఏపమండ కట్టినావంటే ఒక్క పిల్ల కూడా మరి రాదు. రోడ్డు మీద కొత్త స్కూలోళ్ళు వేనేసుకుని కాసుక్కూసున్నారు."

"తాలింపు వాసన రాపోతే ఆళ్ళకి తెల్దేటి?" అంది సన్యాసమ్మ. అమ్మవారున్న ఇంట్లో తాలింపు పెట్టకూడదు మరి.

"అయితే ఎట్టీ తాలింపు!"

ఇంకో రోజైతే ఆ మాటకి కూతురి వీపు మోగేది. ఆ రోజు సన్యాసమ్మకి చెయ్యి లేవలేదు. ఎందుకంటే సరిగ్గా అదే ఆలోచన కాసేపటి క్రితం తనకీ వచ్చింది. అది తలుచుకుంటే సిగ్గేసింది.

"ఆ హిమబిందు కడుపుతో ఉన్నాదే. నిన్న ఈణ్ణి ఒళ్ళో ఎట్టుకున్నాది. కడుపుతో ఉన్నోళ్ళకి ఇది సెడ్డదని అంగన్వాడీలో ఎన్నిసార్లు సెప్పినారు! రేపు ఆ పిల్లకేటైనా అయితే, నాను ఏ మొకం ఎట్టుకుని ఆ అరుగు మీద కూసుంటాను?"

ముందు హిమబిందుకే ఫోను చేసింది. "నువ్వు రాకు, మీ ఆయన్ని పంపు. నువ్వు ఆసుపత్రికెల్లి ఇలగిలగ అని సెప్పు" అంది. తర్వాత వేపమండలు విరిచి గుమ్మానికి కట్టింది.

సాయంత్రం తల్లులు వీధి మలుపులోనే ఆ మండలు చూసి ఆగిపోయారు. పిల్లల్లో ఎవరికో వచ్చిందనుకున్నారు. సన్యాసమ్మే ముందుకొచ్చింది.

"మా గుంటడికే వచ్చినాది. నిన్నట్నుంచి జొరం. నానే సూసుకోనేదు."

ఒకామె గొణిగింది, ఒకామె పిల్లను చంకనేసుకుని వెనక్కి చూడకుండా పోయింది. రోజారమణి సన్యాసమ్మ మొహంలోకి ఒక్కసారి చూసి, లాస్య చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇల్లు బోసిపోయింది. ఒకరి తర్వాత ఒకరు మరో ముగ్గురు పిల్లలకి పొక్కులు లేచాయి. ఆ కబురు వచ్చినప్పుడల్లా సన్యాసమ్మకి అన్నం దిగేది కాదు. పొక్కు కనబడకముందే అంటుకునే జబ్బిదని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఓదార్చింది. "కనబడినాకైనా సూడాలి కదమ్మా" అంది సన్యాసమ్మ. కొత్త స్కూలు వేను రోజూ ఇంటి ముందునుంచే హారను కొట్టుకుంటూ పోయేది.

హిమబిందుకి రక్తపరీక్ష చేశారు. చిన్నప్పుడే ఆమెకి అమ్మవారు పోసిందట, భయం లేదన్నారట. ఆ కబురు విన్న పూట సన్యాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లో కూర్చుని ఏడ్చింది.

సుమంత్ పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టాయి, చెక్కులూ రాలాయి. వేపాకు వేసి కాచిన నీళ్ళతో తలంటింది. దుప్పట్లు ఉడకబెట్టింది, బొమ్మలు కడిగి ఎండలో పెట్టింది. వాడిన మండలు తీసేసి, తల్లులకి కబురు పంపి, మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుంది.

దువ్వాడ వైపు రైలు కూసింది. ప్లాంటు బస్సులు ఒక్కొక్కటే పోతున్నాయి. వీధి మొగలో ఎవరూ లేరు. ఇక రారని ఆమె లేవబోతుంటే, రోజారమణి కనబడింది. లాస్యను దింపకుండా, ఎత్తుకునే నిలబడింది.

"లాస్యని సూడ్డం తరవాత. ముందు నీ మనవణ్ణి తే. బయటినుంచి తే."

సన్యాసమ్మ లోపలికి వెళ్ళి సుమంత్‌ని పెరటి గుమ్మం దాటించి, పక్కసందులోంచి నడిపించుకొచ్చింది. రోజారమణి కూతుర్ని దింపి, అరుగు మీద చతికిలబడి, వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. నోరు తెరిపించింది, అరచేతులు చూసింది, చెవుల వెనక తడిమింది. చొక్కా ఎత్తి, పొట్ట మీద మిగిలిన మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇదేటి పిన్నీ? దోమా?"

సన్యాసమ్మ వచ్చి పక్కన అరుగు మీద కూర్చుంది.

"తప్పయిపోనాదే అమ్మా. ఆ రోజు నిన్ను అలగ అనకుండా ఉండాల్సింది."

రోజారమణి పిల్లవాడి చొక్కా కిందికి లాగి, వీపు తట్టి లోపలికి పంపింది. లాస్యను తీసి సన్యాసమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"బేగి సూడు పిన్నీ. నాకు బస్సు ఎల్లిపోద్ది."