ఇంకోసారి లేచి చూపించమన్న టీచరుగారు

టీచరుగారు పోయారని మొన్న ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "డాక్టరు సరిగ్గా చూశారా?" అని అడిగేశాను. తర్వాత సిగ్గేసింది గానీ ఆ ప్రశ్న నాది కాదు, టీచరుగారిదే. ఇన్నేళ్లు ఎదురింట్లో ఉన్నాక నాకూ అంటుకుంది.

అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా ఎదురు అపార్ట్‌మెంట్ ఆవిడది. కాలేజీలో బయాలజీ చెప్పేవారు. దేన్నీ ఓ పట్టాన నమ్మేవారు కాదు. పాల క్యాన్ మీద తేదీ ఉన్నా మూత తీసి వాసన చూడాల్సిందే. టీవీలో వాన లేదంటే ఆ రోజు గొడుగు పట్టుకెళ్లేవారు. నా పులిహోర తింటూ నూనె ఎప్పుడు కొన్నావని ఆరా తీస్తే నాకు ఒళ్లు మండేది.

మా అమ్మాయిని ఆరో తరగతిలో కణం మోడల్ చేసి తెమ్మన్నారు. టీచరుగారే మా హాల్లో కింద కూర్చుని చేయించారు. పళ్లెం నిండా జెల్లీ, మధ్యలో కేంద్రకంగా లడ్డూ, మైటోకాండ్రియాలకి ఖర్జూరాలు, లైసోజోములకి ఎండుద్రాక్షలు. "ఈ లైసోజోములు చెత్త తీసేవాళ్లు. వీళ్లు పని మానేస్తే చెత్తంతా లోపలే పేరుకుంటుంది. బయటికి ఇల్లు బాగానే కనబడుతుంది" అన్నారు.

పని అయ్యాక అమ్మాయి లేచింది. చేతులు నేలకి ఆన్చి, తర్వాత తొడలు పట్టుకుని, మెల్లగా పైకి. బామ్మ లేస్తోందని మేం రోజూ ఏడిపించేవాళ్లం. టీచరుగారు నవ్వలేదు.

"ఏదీ, ఇంకోసారి కూర్చుని లే, నాన్నా."

అప్పట్నుంచి ఆవిడ మా పిల్లని చూడటం మొదలుపెట్టారు. మెట్లెక్కుతుంటే, స్కూల్ బస్సెక్కుతుంటే, బాల్కనీలోంచి అదే చూపు. అప్పుడు మా దగ్గరే ఉన్న అత్తయ్య, ఆవిడ వచ్చి వెళ్లినప్పుడల్లా ఉప్పూ మిరపకాయలతో పిల్లకి దిష్టి తీసి స్టవ్ మీద మాడ్చేవారు. స్మోక్ అలారం మోగేది. వెంటనే టీచరుగారే తలుపు కొట్టి ఏం మాడిందని అడిగేవారు.

పిల్లలో ఏ లోపం వెతుకుతున్నారీవిడ? నాకూ అనుమానం ముదిరి, ఒకరోజు మొహం మీదే అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు.

"నా మీద అనుమానపడు, తప్పులేదు. ఆ లివర్ రిపోర్ట్ మీద కూడా కాస్త పడు."

పిల్లకి లివర్ ఎంజైములు ఎక్కువున్నాయని, నెయ్యి తగ్గించమని డాక్టరు చెప్పి ఏడాదైంది. కండరాలు దెబ్బతిన్నా అవే ఎంజైములు పెరుగుతాయట. కండరాల స్పెషలిస్ట్‌కి చూపించమన్నారు టీచరుగారు. తన మాట తప్పయితే తనతో మాట్లాడటం మానెయ్యమన్నారు.

తప్పు కాలేదు. పాంపే వ్యాధి. లైసోజోముల్లో ఒక ఎంజైము చాలక, గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ కరగకుండా కండరాల్లో పేరుకుపోతుంది. ఇంకా ఆలస్యమైతే ఊపిరి తీసుకునే కండరాలూ పాడయ్యేవన్నారు. ఆ ఎంజైమునే మందుగా ఎక్కించడం అప్పుడప్పుడే మొదలైంది. జబ్బు పూర్తిగా పోదు గానీ, ఆ మందు ముదరకుండా ఆపుతుంది. మొదటిసారి ఎక్కించేటప్పుడు నర్సు చదివిన లేబుల్‌ని టీచరుగారు మళ్లీ చదివారు. ఆ రోజు నాకు ఒళ్లు మండలేదు. ఆవిడ కాళ్లకి దండం పెట్టాలనిపించింది.

ఆదివారం వాళ్లింట్లో అందరం కార్పెట్ మీద కూర్చున్నాం. ఇప్పుడు కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి, టీచరుగారి ఫొటో దగ్గర పూలు పెట్టడానికి లేచింది. ఒక చెయ్యి నేలకి ఆన్చింది, అంతే. తొడల సాయం తీసుకోలేదు. గమనించారా అని, అలవాటు కొద్దీ నేను కిటికీ పక్కనున్న ఆవిడ కుర్చీ వైపు చూశాను. అమ్మాయీ అటే చూసింది.

తర్వాత మళ్లీ కింద కూర్చుని, ఇంకోసారి లేచింది.