తాత మెదడులో మిగిలిన తెలుగు

మీ ఇంటి పెద్దవారు ఏ భాషలో కసురుకుంటారో, ఏ భాషలో తమలో తాము గొణుక్కుంటారో మీరెప్పుడైనా గమనించారా? నన్నీ ప్రశ్న అడగవలసిన రోజున ఒక డాక్టరమ్మ అడిగారు. నేను తప్పు జవాబు చెప్పాను.

మొన్న మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో నేను చదువుకున్న కాలేజీకే వక్తృత్వ పోటీ న్యాయనిర్ణేతగా వెళితే, పోటీ మొదలయ్యేదాకా జీవశాస్త్ర ప్రయోగశాలలో కూర్చోబెట్టారు. మా కాలపు ప్లాస్టర్ మెదడు ఇంకా అదే బల్ల మీద ఉంది. రంగులు వెలిసిపోయాయి, చీల విరిగిన ఎడమ అర్ధభాగాన్ని దారంతో కట్టి నిలబెట్టారు. నుదుటికి వెనుక, కణతకు కాస్త పైన, మాటను పలికించే చోటును చూపే ఎర్రరంగు మీద వేలు ఆనించాను. పోటీలో పిల్లలు ఏం మాట్లాడారో నాకు సరిగా గుర్తు లేదు.

రెండో సంవత్సరం చదువుతున్న రోజుల్లో ఆ మెదడు నాకు కంఠతా వచ్చు. ఆలోచనకు పెద్దమెదడు, ఒడుపుకు చిన్నమెదడు, ఊపిరికి మజ్జాముఖం. ఎడమ సగం కుడిచేతిని నడుపుతుందని, మాట కూడా చాలామందిలో ఆ సగంలోనే ఉంటుందని మరాఠీలో గుక్కతిప్పుకోకుండా చెప్పి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. ఇంట్లో ఆ ఉపన్యాసాలు వినే ఒకే ఒక్క శ్రోత మా తాత. తెలంగాణ సరిహద్దున రాజురా వైపు పల్లెలో పుట్టి, బొగ్గుగనిలో పనిచేసి విరమించిన మనిషి. సాయంత్రం అరుగు మీద పల్లీలు ఒలుస్తూ ఆయన తెలుగులో అడిగేవాడు, నేను మరాఠీలో బదులిచ్చేదాన్ని. ఆయన మళ్లీ తెలుగే, నేను మళ్లీ మరాఠీయే. మా వైపు చాలా ఇళ్లలో సంభాషణ ఇలాగే సాగుతుంది, ఎవరికీ వింతగా తోచదు. "బువ్వ పెట్టేటోళ్లం మేము, మాట నేర్పేటోళ్లు బడోళ్లు, గిదేం లెక్కనే బిడ్డా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, మరాఠీలోనే మరో మాట అనేసి.

ఒక ఉదయం టీ గ్లాసు ఆయన కుడిచేతిలోంచి జారింది, మూతి వంకరపోయింది. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేర్చాం, ప్రాణం నిలిచింది. మంచం పక్కన ఒక్కరినే ఉండనిస్తామంటే, సైన్సు చదివేదాన్ని గనుక ఇంటిల్లిపాదీ నన్నే ఎంచారు. నాయనమ్మ బయట మెట్ల మీద కూర్చుంది. డాక్టరమ్మ ఓపికగల మనిషి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగితే క్షణమైనా ఆలోచించకుండా మరాఠీ అన్నాను. అది నా భాష. ఆయన భాష కాదన్న సంగతి నాకు స్ఫురించనే లేదు. ఆమె రోజూ గడియారం, పెన్ను చూపించి, ఇదేమిటని మరాఠీలో "హే కాయ్ ఆహే?" అని అడిగేది. తాత వాటిని చూసేవాడు, ఆమెను చూసేవాడు, చివరకు నన్ను చూసేవాడు. నేను వంగి మరాఠీ పేర్లే చెవిలో అందించేదాన్ని.

పలకడమే కాదు, అర్థం చేసుకోవడమూ దెబ్బతిన్నట్లుందని, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని చెప్పి పంపారు. ఇంటికొచ్చాక మేము ఆయనతో మాట్లాడడం మానేసి ఆయన గురించి మాట్లాడసాగాము. చూడవచ్చినవాళ్లతో మా బాపు, అంటే మా నాన్న, ఆయన ముందే "ఇగ ఆయనకేం తెలుస్తలేదు" అన్నాడు. తాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడంలోనే జవాబుందని గ్రహించలేని తార్కికురాలిని నేను.

నాయనమ్మకు మెదడు బొమ్మ తెలియదు, ఆశ వదులుకోవాలన్న సంగతీ పట్టలేదు. ఉప్పు తగ్గించమన్నారని చప్పటి జావ తినిపిస్తూ, మొగుణ్ని ఎప్పటిలాగే దులిపేస్తోంది. "గింత జావ మింగనీకి గంటసేపా? కొత్త పెండ్లికొడుకువా ఏంది, నకరాలు చేయనీకి?"

తాత పెదవులు కదిలాయి. గొంతులో ఏదో గుంజుకుంది. "ఉ... ఉప్పు" అన్నాడు.

"ఉప్పన్నడు! అగో, ముసలోడు నా వంటకు వంక పెట్టిండు!" అని నాయనమ్మ చెంచా పట్టుకునే వాకిట్లోకి పరుగెత్తింది. నేను నీళ్ల చెంబు చూపించి, నాకొచ్చిన కొద్దిపాటి తెలుగులో ఇదేమిటని అడిగాను. చాలాసేపటికి "చెంబు" అన్నాడు. కన్నీళ్లు కారుతున్నాయి, ఆయనకూ నాకూ.

దెబ్బతిన్న మెదడులో ఒక భాష మసకబారి మరొకటి నిలవవచ్చునని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. మొదటి వారాల్లో చేసే అభ్యాసం ఎంతో విలువైనదనీ చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ వారాలను నేను మరాఠీకీ, ఆపైన మౌనానికీ ధారపోశాను. తెలుగులో అడిగి ఉంటే తాతకు ఇంకెన్ని మాటలు తిరిగి వచ్చేవో నిరూపించలేను, రావని ఖండించనూ లేను. ఇరుపక్షాలా నేనే నిలబడి వాదించుకున్నాను. ఏ పక్షాన నిలిచినా ఓడిపోయాను.

ఆ తర్వాత తాత బతికినన్నాళ్లూ సాయంత్రాలు అరుగు మీద కూర్చున్నాం. ఆయనకు పోయిన మాటా, నాకు ఎన్నడూ రాని మాటా తరచుగా ఒకటే అయ్యేది. ఇద్దరం కలిసి దానికోసం తడుముకునేవాళ్లం. ఆ తడుములాటలోనే నాకు తెలుగు వచ్చింది, అక్షరాలు ఆపైన నేర్చుకున్నాను. ఇప్పుడా అరుగు మీద మా చిన్నాన్న పిల్లలు మరాఠీలో అంత్యాక్షరి ఆడుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు, కానీ నాయనమ్మ కూడా పోయాక, వాళ్లను తెలుగులో అడిగే గొంతు ఇప్పుడు ఆ ఇంట్లో లేదు.

మీ ఇంట్లో ఆ గొంతు ఉంటే, ఈ పుట పక్కన పెట్టి వెళ్లండి. వారు ఏ భాషలో అడిగితే ఆ భాషలోనే, తప్పులతోనైనా సరే, బదులివ్వండి. ఏదో ఒకనాడు ఆసుపత్రి మంచం పక్కన నిలబడవలసి వచ్చి, ఇంట్లో ఏ భాష అని ఎవరైనా అడిగితే, మీది కాదు, వారిది చెప్పండి.