ఊఁ కొట్టిన గొంతు

మా స్టూడియో అమీర్‌పేటలో మెట్రో లైను పక్కన, కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక ఇరుక్కున్న బిల్డింగులో ఉంది. రైలు పోయినప్పుడల్లా గాజు తలుపు సన్నగా వణుకుతుంది. గోడలకు ఎంత మెత్త కుట్టించినా ఆ వణుకు పోలేదు. అందుకని రైలు పోయేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టడం మాకు అలవాటైపోయింది.

అక్కడ నా పని డబ్బింగుకు మాటలు రాయడం. తెర మీది మనిషి నోరు ఎక్కడ తెరుచుకుంటుందో, ఎక్కడ మూసుకుంటుందో చూసి, దానికి కుదిరే తెలుగు మాట వెతకాలి. నేను బడి మొహం చూడలేదు. చిన్నతనమంతా జబ్బుతో మంచాన పడి ఉంటే, మాసబ్ ట్యాంక్‌లో ఆఫీసు కాగానే అబ్బా, అంటే మా నాన్న, వచ్చి నా పక్కన కూర్చుని ఉర్దూ, తెలుగు, ఇంగ్లిషు నేర్పాడు. ఆ మూడు భాషలే ఈరోజు నాకు అన్నం పెడుతున్నాయి. ఏ నమాజులోనూ ఆయన కోసం దువా చేయడం మరిచిపోను.

ఒక ఏడాది మాకు వచ్చిన పని ఒక ఇంగ్లండు హాస్యనటుడి టీవీ కార్యక్రమాలు. ఆయన మొదట వేరేవాళ్ళకు జోకులు రాసిచ్చేవాడట. తర్వాత చిన్నచిన్న వేషాలు, ఆపైన సొంత కార్యక్రమం, చివరికి డైరెక్షన్ కూడా. పోయి చాలాకాలమైందన్నారు. స్టూడియోలో మేం ఆయన్ని దొర అనేవాళ్ళం. ఫైళ్ళు వరస తప్పి వచ్చాయి. ముందు ముసలి దొర వచ్చాడు. ఆ వెనక, ఒక్క మాట అనేసి తలుపు అవతలికి పోయే పోస్ట్‌మన్ వేషంలో పడుచు దొర. తర్వాత నడివయసు, కాస్త పొట్ట. ఒకరోజు ఊడిన జుట్టు మర్నాటికి మొలిచేది. లోకంలో లేని మనిషి నోటికి నేను మాటలు అందిస్తున్నానన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టేదాన్ని.

దొరకు తెలుగులో గొంతు ఇచ్చింది పంజాగుట్టలో ఉండే ఒక పెద్దాయన. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. బతుకంతా వేరేవాళ్ళ నోళ్ళలో పలికిన మనిషి. ఆయన మొహం ఏ తెరమీదా రాలేదు. ఆయనకొక పద్ధతి ఉండేది. మాటల జోలికి పోకముందు ఊపిర్లు రికార్డు చేసేవాడు. ఊపిర్లంటే నిట్టూర్పు, దగ్గు, నవ్వు, గుటక, అన్నీ. హెడ్‌ఫోన్ తీసి పక్కనపెట్టి, శబ్దం లేని బొమ్మను చూస్తూ చేసేవాడు. ఎందుకలా అని అడిగితే నన్నే ఎదురు ప్రశ్న వేశాడు.

"మనిషి పుట్టంగనే మాట్లాడుతడా చెల్లె? ముందుగాల ఊపిరే గదా."

ఆయన గొంతులో గడ్డ ఉందని సోమాజిగూడ ఆసుపత్రిలో తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేయాలన్నారు. అప్పటికి దొర ఎపిసోడ్లన్నీ అయిపోయి, చివరిది మాత్రం మిగిలింది. ఆ ఫైలు ఆయన ఆసుపత్రిలో చేరే ముందురోజు వచ్చింది. వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. ఊపిర్లు సగానికి పైగా అయ్యేసరికి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఇక చాలించి బయటికొచ్చి, నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

"మాటలు ఎవలతోనన్న చెప్పియ్యుండ్రి. గీ ఊపిర్లు మాత్రం తీసెయ్యకుండ్రి. నా గొంతు ఆఖరుగ పలికినయి గివే. ఇంట్ల కూసోని టీవీల వింట."

మాటిచ్చాను.

ఆయన్ని ఆపరేషన్‌కు తీసుకెళ్ళిన మధ్యాహ్నమే మేం ఆ ఫైలు మొదటినుంచి చూశాం. మిక్సింగ్ చేసేది స్టూడియో ఓనరే, గుంటూరు వైపు మనిషి. కథ రైలుకట్ట పక్కన ఇంట్లో జరుగుతుంది. పక్కింటావిడ వచ్చి, కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న దొర ఎదురుగా కూర్చుని కోడలి గురించి, పిల్లి గురించి, మోకాళ్ళ గురించి చెప్పుకుపోతుంది. దొర అలా తల ఊపుతూ ఉంటాడు. చివర్న ఆవిడ టీ కప్పు చేతికివ్వబోతే తెలుస్తుంది, ఆమె రాకముందే ఆయన ప్రాణం పోయిందని. తల ఊపింది రైళ్ళు. దొరకు ఆ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట లేదు.

ఓనర్ ఊపిర్ల ట్రాక్ కలిపాడు.

దొర తల ఊగింది. "ఊఁ," అంది మా అన్న గొంతు.

కథ చివరిదాకా ఆయన చూడలేదు. ఎదుట ఒకరు ఏదో చెబుతున్నారు, వినే మనిషి తల ఊపుతున్నాడు. మన మనిషి ఊఁ కొట్టకుండా ఎట్లా ఉంటాడు? చూసినంతమేర తల ఊగినప్పుడల్లా ఊఁ కొట్టాడు. పిల్లి దగ్గర మెల్లగా, కోడలి దగ్గర సాగదీసి. చచ్చిపోయిన దొర ఎంతో ఓపికగా వింటున్నాడు. చివర్న ఆవిడ టీ కప్పుతో వంగి, ఏదో అని, ఆగింది. అక్కడ రైలు లేదు, తల కదల్లేదు. అయినా లోతుగా ఒక ఊఁ వినిపించింది.

ఓనర్ వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. "ఇక్కడ తల ఊపలేదేంటి మేడమ్?"

అప్పుడే పక్కన మా రైలు పోయింది. తలుపు వణికింది.

వణుకు ఆగాక, ఊఁలన్నీ తీసేద్దామన్నాడు ఓనర్. చచ్చిపోయినాయన ఊఁ కొడితే జోకు చచ్చిపోతుందన్నాడు. తప్పేమీ లేదు ఆ మాటలో. ఒక్కరోజు గడువు అడిగి యూసుఫ్‌గూడ వచ్చేశాను. సాయంత్రం మగ్రిబ్ నమాజు చేసుకుని, జానమాజ్ చాప మడవకుండానే చాలాసేపు కూర్చున్నాను. మెల్లగా దారి కనబడింది. ఊఁలను ముట్టుకోనక్కర్లేదు. మార్చాల్సింది పక్కింటావిడ మాటలు. "ఊఁ అంటావు గానీ నీకేం పట్టదు" అని ఒకచోట రాశాను. "అట్లా ఊఁ కొట్టకు, పూర్తిగా విను" అని ఇంకోచోట. చివర్న, టీ కప్పు పట్టుకుని ఆగిన చోట, ఆవిడ నోటికి సరిపోయేలా ఇలా పెట్టాను.

"మరి ఇందాకట్నుంచి ఊఁ కొట్టిందెవరు?"

మర్నాడు పక్కింటావిడకు గొంతిచ్చే అమ్మాయి వచ్చి ఆ మాట చెప్పింది. వెంటనే ఆమె చెవుల్లో ఆ లోతైన ఊఁ పడింది. హెడ్‌ఫోన్ తీసేసి, గాజు అవతలినుంచి మమ్మల్ని చూసి, అన్న అక్కడే ఉన్నాడా అని అడిగింది. ఓనర్ చాలాసేపటికి గానీ నవ్వలేదు. నవ్వాక మాత్రం, ఇలాగే పంపిద్దామండి అన్నాడు.

అది టీవీలో వచ్చిన రోజు పంజాగుట్ట పోయాను. అన్న గొంతు దగ్గర రంధ్రం మీద తెల్లటి పల్చని గుడ్డ. వదినమ్మ టీ ఇచ్చింది. ముగ్గురం చూశాం. ప్రతి ఊఁకూ ఆయన పెదవులు కదిలాయి. నవ్వొచ్చినప్పుడు శబ్దం లేదు. భుజాలు అదిరాయి, మెడ మీద గుడ్డ రెపరెపలాడింది. చివరి ఊఁకు మాత్రం పెదవులు కదల్లేదు.

ఉండబట్టలేక అడిగాను. "అన్నా, ఆ ఆఖరిది నీదేనా?"

ఆయన తల ఊగినట్టనిపించింది. కానీ బయట మెట్రో పోతోంది, బల్ల మీద సాసర్లు గలగలమంటున్నాయి. రైలు తల ఊపడం ఆ ఎపిసోడ్‌లో అన్నిసార్లు చూసిన కళ్ళు కదా, నమ్మలేకపోయాను. స్టూడియో అలవాటు కొద్దీ రైలు పోయేదాకా ఆగి మళ్ళీ అడిగాను.

ఆయన కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత దొర ఉన్న తెర వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

నేను కూడా నా దేవుడికి కృతజ్ఞతగా షుక్ర్ చెప్పుకున్నాను. టీ చల్లారిపోయింది. అయినా పూర్తిగా తాగాను.