పొగడచెట్టు బావ

ఆ రోజుల్లో ఇంటర్ తప్పినవాడికి తిరుపతిలో రెండే ఆసరాలు: లాడ్జిలో గుమస్తా పని, గ్రంథాలయంలో బెంచీ. నేను రెండూ పట్టాను. పగలు యాత్రికులకు గదుల తాళాలు ఇచ్చేవాణ్ణి, సాయంత్రం బీరువాలు వరసబెట్టి చదివేవాణ్ణి. చదివింది కడుపులో దాచుకునే గుణం మాత్రం అబ్బలేదు.

మా అక్కకు కుజదోషం. గూడూరు నిమ్మకాయల వ్యాపారస్తుల సంబంధం కుదిరాక అయ్యవారు ఉపాయం చెప్పాడు: ముందు అరటిచెట్టుతో పెళ్ళి జరిపించి, ఆ వెంటనే చెట్టును నరికేస్తే దోషం దాంతోనే పోతుంది. అందరూ సరేనన్నారు. నేనే ఊరుకోలేదు. అరటి అసలు చెట్టే కాదనీ, మాను లేని ఉత్త మొక్క అనీ, వృక్షశాస్త్రంలో స్పష్టంగా ఉందనీ, మొక్కతో చేసిన పెళ్ళి చెల్లదనీ వాదించాను. నాయనకు అచ్చు అక్షరమంటే భయంతో కూడిన భక్తి. మరి ఏ చెట్టు అన్నాడు. చంద్రగిరి కోట తోటలో పాత పొగడ ఉందన్నాను. ముగ్గురు చేతులు కలిపితే గాని మాను అందదు, రాజులు చూసిన చెట్టు (ఏ రాజులో కూడా వరసగా చెప్పాను, ఎవరూ అడగలేదు).

ఒక శుక్రవారం పొద్దున్నే వెళ్ళాము. మానుకు పెళ్ళిపంచె చాలక నాయన తన పైపంచె కూడా తీసి ముడేశాడు. చెట్టు తరఫున అయ్యవారే అక్క మెడలో పసుపుకొమ్ము కట్టాడు. అక్షింతలు పడ్డాక ఆయన చెయ్యి చాచి, "కొడవలి యాడప్పా?" అన్నాడు. అందరం తలెత్తి కొమ్మల్లోకి చూశాము. కోట కాపలాదారు కూడా చూసి, ఒక్క రెమ్మ తెగినా స్టేషనుకే అన్నాడు. నేను చదివిన పుస్తకంలో నరకడం గురించి లేదు.

సంగతి గూడూరు చేరింది. మొదటి మొగుడు పచ్చగా నిలబడి ఉండగా ఈ పెళ్ళి జరిగితే తన కొడుకు ప్రాణానికే ముప్పని పెళ్ళికొడుకు తల్లి కబురు పంపింది. పోనీ ఇప్పుడు అరటితో చేద్దామంటే, మొగుడుండగా ఇంకో పెళ్ళి ఎట్లా అన్నాడు అయ్యవారు. అమ్మ అన్నం మానేసింది. అక్క మాత్రం నవ్వకుండానే, "నీ పుస్తకంలో ఇడాకులు ఉండాయేమో సూడరా" అంది.

ఆ వారంలోనే పెళ్ళికొడుకు ఒక్కడే బస్సు దిగాడు. నన్ను వెంటబెట్టుకుని కోటకు పోయి, చెట్టు చుట్టూ మెల్లగా తిరిగి, మాను మీద చెయ్యి పెట్టాడు. "ఇంత పెద్దమనిషిని చంపి నేను బతకాల్నా అబ్బయ్యా? ఉండనీ. ఆయన మా ఇంటికి పెద్దోడనుకుంటా" అన్నాడు. ఊరికి పోయి తల్లికి ఏం చెప్పుకున్నాడో, పెళ్ళి జరిగింది.

అక్కతో తల నెరిసేదాకా కాపురం చేసి, మా బావ మొన్న వానాకాలంలో పోయాడు. (దోషం పనిచేసిందన్న చుట్టాలూ ఉన్నారు. వాళ్ళ ఓపికకు దండం.) కర్మలు ముగిశాక అక్క చంద్రగిరి తీసుకుపొమ్మంది. పొగడ ఒక పక్కకు ఒరిగింది గాని, కింద ఎప్పటిలాగే పూలు రాలి ఉన్నాయి. అక్క మానుకు వీపు ఆనించి కూర్చుంది.

"ఆయన పోయినాడు. ఈయనన్నా ఉండాడు గదరా" అంది.

పొగడపూవు ఎండినా వాసన ఎందుకు పోదో ఎక్కడో చదివాను. అది నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఇంటర్ తప్పిన కుర్రవాణ్ణి తలుచుకుని లోలోపల నవ్వుకుని, మాట మింగేసి, అక్క కొంగులోకి పూలు ఏరడానికి వంగాను.