సెనోబియా అత్త నీళ్ళ మిషను

మా మేనత్త సెనోబియాకు తెలిసిన మాట ఒక్కటే: కాదు. మీరు వాన వస్తుందంటే రాదంటుంది. రాదంటే గొడుగు తీసి చంకన పెట్టుకుంటుంది. కాఫీ బాగుందంటే నీళ్ళెక్కువయ్యాయంటుంది. సరే, నీళ్ళెక్కువయ్యాయని ఒప్పుకుంటే, "నీ నాలుక పాడైంది, వైద్యుడికి చూపించుకో" అంటుంది. మా మామయ్యను చేసుకోవద్దని ఇంటిల్లిపాదీ అన్నారు గనకే చేసుకుంది. ఆ మామయ్య తెలివైనవాడు. తనకేం కావాలో దానికి ఎదురు అడుగుతూ, పోయేదాకా నలభై ఏళ్ళు సుఖంగా కాపురం చేశాడు. "ఇవాళ మాత్రం నల్ల చిక్కుళ్ళు వండొద్దు" అన్నాడంటే చాలు, మధ్యాహ్నానికి ఆయన కంచంలో నల్ల చిక్కుళ్ళు పొగలు కక్కుతుండేవి.

మా ఊరు అగ్నిపర్వతం నడుం మీద ఉంటుంది. ఒక ఏడు ఆ కొండ గర్జించి బూడిద కక్కింది. ప్రభుత్వం వాళ్ళు జీపు వేసుకొచ్చి ఊరు ఖాళీ చేయమన్నారు. మేమంతా మూటలు కట్టాం. అత్త గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. జీపు ఆయన టోపీ తీసి, ప్రమాదం ఉందమ్మా, మీరు వెళ్ళాలి అని బతిమాలాడు.

"పోవాలంటే దాన్ని పొమ్మను. గోల చేస్తున్నది అది, నేను కాదు" అంది అత్త.

పాపం ఆయన, అత్త ఇచ్చిన వేడి బెల్లం నీళ్ళు తాగి, జున్ను ముక్క తిని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండానే కొండ నోరు మూసుకుంది. ఆవిడతో వాదించలేకే ఊరుకుందని ఊళ్ళో అందరూ అనుకున్నారు.

అత్తకు దీటైన మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే, పై గట్టు మీద ఉండే దోన్ రుఫీనో. మా వైపు పెద్దాయన్ని దోన్ అనీ, పెద్దావిడను దోన్యా అనీ అంటాం. ఎప్పుడో ఆయన పెయ్య కంచె దాటొచ్చి అత్త క్యాబేజీలు తిన్నది. ఆ పెయ్య తల్లయింది, అమ్మమ్మయింది, కాలం చేసింది. గొడవ మాత్రం బతికే ఉంది. పొద్దున పాలు పితకడం అయిపోగానే ఇద్దరూ కంచె దగ్గరికి వచ్చి, ఒకరి ఆవుల్ని ఒకరు, ఒకరి జున్నును ఒకరు కాసేపు తిట్టుకుని ఎవరి పనికి వాళ్ళు వెళ్ళేవాళ్ళు. కిందటేడు రుఫీనోకు జబ్బు చేసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన కంచె దగ్గరికి రావడం మానేశాడు. అత్త మాత్రం రోజూ అక్కడిదాకా వెళ్ళి, కాసేపు నిలబడి, ఏదో మేకు ఊడిందని గొణుక్కుంటూ తిరిగొచ్చేది.

వానలు ముదిరిన రోజుల్లో ఒకనాడు అత్త నా దగ్గరికొచ్చింది. నాకొక పాత పికప్ బండి ఉంది. దాంట్లోనే ఊరి జున్ను తుర్రియాల్బా పట్నానికి తీసుకెళ్ళి అమ్ముతుంటాను.

"ఇవానియా, బండి తియ్యి. ప్రెషర్ వాషర్ కొనాలి" అంది.

నేను చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. అంతకు ముందు నేనే, నీళ్ళు జోరుగా చిమ్మి కడిగే ఆ మిషను కొనుక్కోమంటే, నీళ్ళకు కోపం తెప్పించి పని చేయించుకునే ఖర్మ నాకు లేదని కసిరిన మనిషి. చీపురూ బాల్చీతోనే ఆవుల కొట్టాన్ని తళతళలాడించే మనిషి. ఇప్పుడెందుకని అడగబోయి మానుకున్నాను. అడిగితే అసలు కొననేకొనదు. "వద్దులే అత్తా" అన్నాను. వెంటనే వెళ్ళి బండెక్కి కూర్చుంది.

ఒళ్ళో ఒక గోనెసంచి పెట్టుకుంది. పట్నం చేరేదాకా అందులో ఏముందో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు, వాసనే చెప్పింది.

రంగులూ మిషన్లూ అమ్మే కొట్టులో ఓల్దెమార్ అనే కుర్రాడు నవ్వు మొహంతో ఎదురొచ్చి, ఏం కడగాలి దోన్యా అన్నాడు. అత్త గోనెసంచి విప్పి, ఒక చెక్క తీసి కౌంటరు మీద పెట్టింది. ఆ చెక్క మీద పేడ, బూడిద, మళ్ళీ పేడ, పైన నాచు. ఎండి, తడిసి, మళ్ళీ ఎండి రాయిలా బిగుసుకుపోయాయి. రంగు డబ్బా కొనడానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఈ ఏడు ఇంటికి రంగు అక్కర్లేదని నిర్ణయించుకుని బయటికి నడిచాడు.

"దీన్ని కడగాలి. నీ మాటలు నాకొద్దు. దీనిమీద కొట్టి చూపించు" అంది అత్త.

ఓల్దెమార్ ఊపిరి బిగబట్టి, మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళాడు. అన్నిటికంటే పెద్ద పెట్రోలు మిషను ముందు నిలబడి ఛాతీ విరుచుకున్నాడు. పల్లెలో పని అంటే ఇదేనట, కరెంటుతో పని లేదట, ఎక్కడికైనా తోసుకుపోవచ్చట, కొడితే కాంక్రీటే లేచిపోతుందట.

"నాకు పేడ లేవాలి. కాంక్రీటు అక్కడే ఉండాలి."

వాడు మొహం సర్దుకుని, స్టార్టు చేయడానికి తాడు లాగమన్నాడు. అత్త కుడిచేయి వెనక్కి పెట్టుకుని ఎడమచేత్తో లాగింది. మిషను దగ్గింది. మళ్ళీ లాగింది. మిషను మూలిగింది. పనికిరాదంది అత్త.

"కుడిచేత్తో లాగండి దోన్యా."

"కుడిచేయి లేదనుకో."

"ఉంది కదా."

"అనుకో అన్నాను."

వాడు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

తరవాత కార్లు కడుక్కునే చిన్న కరెంటు మిషను తెచ్చాడు. దాన్ని చెక్క మీద కొడితే పిల్లి నాకినట్టుంది. నాచు హాయిగా స్నానం చేసి ఇంకాస్త పచ్చబడింది. అదీ పనికిరాదంది అత్త.

మూడోది మధ్యరకంది. కరెంటుదే. బొత్తాం నొక్కితే చాలు, తాడు లేదు. చక్రాలు పెద్దవి. కొళాయి అక్కర్లేకుండా పీపాలోంచి నీళ్ళు తోడుకుంటుంది. అత్త ఎడమ బొటనవేలితో బొత్తాం నొక్కింది. ఎడమచేత్తోనే తోసుకుంటూ గుమ్మం ఎక్కించింది, దించింది. గొట్టాన్ని చంకలో ఇరికించుకుని చూసింది. ఓల్దెమార్ ఉత్సాహంగా ఒక సన్న మూతి తగిలించి కొట్టాడు. చెక్క మీద కత్తితో గీసినట్టు గాడి పడింది. వాడు మెచ్చుకోలు కోసం తలెత్తాడు.

"ఆవు కాలికి తగిలితే?" అంది అత్త.

వాడు ఆ మూతి తీసేసి వెడల్పు మూతి పెట్టాడు. ఈసారి నీళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి. పేడ పొరలు పొరలుగా లేచిపోయింది. కింద చెక్క అప్పుడే కోసినట్టు బయటపడింది. కొట్టులో వాళ్ళంతా అమ్మయ్య అనుకున్నారు. అత్త అనుకోలేదు.

"ఇది నడుస్తున్నప్పుడు ఎవరైనా తిడితే వినబడాలి. నువ్వు ఆ గేటు దగ్గర నిలబడి నన్ను తిట్టు."

"ఏమని తిట్టను దోన్యా?"

"పొద్దున్నుంచీ నేను పెట్టిన బాధ గుర్తు తెచ్చుకో."

ఓల్దెమార్ గేటు దగ్గరికి వెళ్ళాడు. మొదట మొహమాటపడ్డాడు. తరవాత గొంతు విప్పాడు. చెక్క గురించి, వాసన గురించి, ఎడమచేయి గురించి, వెళ్ళిపోయిన రంగు డబ్బా ఆసామి గురించి మనసారా తిట్టాడు. అత్త మిషను ఆపి తృప్తిగా తల ఊపింది. ప్రతి ముక్కా వినబడిందట. అదే కట్టమంది.

నేనిక ఉండబట్టలేక, "అత్తా, నీ కొట్టంలో కరెంటే లేదు కదా" అన్నాను.

"నా కొట్టం సంగతి నేను చూసుకుంటా."

వాడు పెట్రోలు మిషను కొనమన్నాడు గనక కరెంటుది కొంది, అంతేననుకున్నాను. తాడు కుడిచేత్తో లాగమన్నాడు గనక ఎడమచేత్తో లాగింది. అంతకంటే ఆలోచించడానికి నాకేం కారణం కనబడలేదు.

మిషను వచ్చి అత్త వసారాలో దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఊరంతా వచ్చి చూసి, తలా ఒక సలహా ఇచ్చి, తలా ఒక "కాదు" పట్టుకెళ్ళారు. అత్త మాత్రం దాన్ని ముట్టుకోలేదు. చీపురుతోనే కొట్టం కడుక్కుంటోంది.

ఆ రోజుల్లోనే పాలబండి నడిపే ఎవెలియో నాకొక సంగతి చెప్పాడు. రుఫీనో కొట్టం పాడుబడిపోయింది. నేలంతా పేడ, గోడలంతా నాచు. ఇలా ఉంటే ఇకమీదట ఆయన పాలు తీసుకోవద్దని పాలకేంద్రంలో పైవాళ్ళు కచ్చితంగా చెప్పారట. ఎవెలియోకు ఆ మాట ఆయన మొహం మీద చెప్పాలంటే నోరు రావడం లేదు. రుఫీనోకు జబ్బు చేసినప్పుడు పక్షవాతమొచ్చి కుడిచేయి పడిపోయింది. పాలు పితకడానికి కరెంటు మిషను ఉంది గనక ఎలాగో నెట్టుకొస్తున్నాడు. బరువైన చీపురు మాత్రం ఒంటిచేత్తో సాగడం లేదు. ఊళ్ళోవాళ్ళు కొందరు కలిసి కడిగిపెడతామని వెళితే కర్ర తీశాడు.

"ఇవాళ కొట్టం కడుగుతారు. రేపొచ్చి నా మూతి కడుగుతారు. పోండి" అన్నాడట.

ఆవుల్ని అమ్మేసుకోమని కొందరు నచ్చజెప్పారు. ఆ తరవాత ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఇదంతా నేను అత్తకు చెప్పాను. తెలుసంది. మర్నాడు పొద్దున దుప్పటి తీసేసి, మిషనును బురద దారిలో గట్టు మీదికి తోసుకుంటూ బయల్దేరింది. సాయం పట్టబోతే నా చేతి మీద ఒక్కటిచ్చింది. కంచె దగ్గర ఆగి, కొండకు కూడా వినబడేలా పిలిచింది.

"రుఫీనో, బయటికి రా. నీ కొట్టంలో మురికంతా వానకు కొట్టుకొచ్చి నా గడ్డిలో పడుతోంది. నా ఆవులు ముక్కు మూసుకుని మేస్తున్నాయి."

చాలాసేపటికి రుఫీనో గుమ్మంలోకి వచ్చాడు. గడ్డం పెరిగి, చిక్కిపోయి ఉన్నాడు.

"మూసుకోడానికి ఆవులకు చేతులెక్కడివి?"

"నీకున్నాయిగా. ఒకటన్నా వాడు."

ఏడాదిగా ఆ చేయి సంగతి ఆయన ముందు ఎవరమూ ఎత్తలేదు. అటు చూడటం కూడా మానేశాం. రుఫీనో మొహం ఎర్రబడింది. కంచె దాకా నడిచొచ్చాడు. అన్ని నెలల తరవాత అదే రావడం.

"ఒకటే పనిచేస్తుంది" అన్నాడు.

"ఎడమది. నాకు తెలీదా? దీనికి అది చాలు. బొటనవేలితో నొక్కు."

"నీ దానం నాకొద్దు, సెనోబియా."

"దానమెవరు చేశారు? నా గడ్డి నేను బాగుచేసుకుంటున్నా. ఇది కొని మోసపోయాను. నా కొట్టంలో కరెంటు లేదు."

"ఆ సంగతి కొనేముందు తెలీదా?"

"తెలిస్తే నీకెందుకు, తెలీకపోతే నీకెందుకు? కడుగుతావా, పంచాయతీకి ఎక్కమంటావా?"

అప్పుడు వెలిగింది నాకు, పట్నం కొట్టులో అత్త వెనక్కి దాచుకున్న కుడిచేయి సంగతీ, ఆ పేడ చెక్క ఎవరి కొట్టందో ఆ సంగతీ. నేను ఇటు తిరిగి, బురదలో నా చెప్పు వెతుక్కుంటున్నట్టు నటించాను.

రుఫీనో కాసేపు మిషను వైపు చూశాడు. ఆడవాళ్ళు కొన్న మిషన్లు ఇలాగే ఉంటాయన్నాడు. నీ ఆవులకంటే నయమంది అత్త. ఆయన కంచె గడ తీసి, ఎడమచేత్తో మిషనును లోపలికి లాక్కున్నాడు. కాసేపటికి నీళ్ళ చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు మీదుగా ఇద్దరి తిట్లూ మధ్యాహ్నం దాకా వినబడ్డాయి. ఎవెలియో వచ్చేసరికి కొట్టం నేల మీద మొహం చూసుకోవచ్చు. అతను క్యాన్లు బండిలోకెక్కించి, ఏమీ చెప్పాల్సిన పని లేకుండా ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆదివారం అత్తా నేనూ చర్చి నుంచి తిరిగొస్తున్నాం. ఇంటి ముందు నీళ్ళు పారుతున్నాయి. రుఫీనో వసారాలోని ప్లగ్గుకు తీగ తగిలించి, అత్త వాకిట్లో మిషను పెట్టుకుని నిలబడ్డాడు. గడ్డం గీసుకున్నాడు. వాకిలి మెట్ల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లటి నాచంతా పోయింది. కింద ఎర్ర పలకలు, వాటి మధ్య పసుపు పువ్వులు. పెళ్ళైన కొత్తలో మామయ్య స్వయంగా పరిచినవట. అలాంటివి ఉన్నాయనే నాకు తెలీదు.

అత్త దారి మధ్యలో ఆగిపోయింది.

"నీకోసమేం చేయలేదు. నాచు మీద జారి నువ్వు చస్తే, నాకు తిట్టుకోడానికి మనిషి దొరకదు" అన్నాడు రుఫీనో.

అత్త పలకలన్నీ ఒక్కొక్కటిగా చూస్తూ మెట్లెక్కింది. పసుపు పువ్వుల మీద కాలు పడకుండా జరిగి జరిగి నడిచింది. పైమెట్టు మీద ఆగి, చెంగావి శాలువా భుజం మీదికి లాక్కుని వేలు చూపించింది.

"ఆ మూల సరిగ్గా కడగలేదు. కడిగి, కాఫీ తాగి వెళ్ళు."

నేను ఆ మూల చూశాను. అద్దంలా ఉంది. రుఫీనో కూడా చూశాడు. మిషను అటు తోసుకుని, మళ్ళీ బొత్తాం నొక్కాడు.