తెర మీది బొట్టుబిళ్ళ

కడప నుంచి కర్నూలు వచ్చే బస్సులో కొత్త కంప్యూటర్ పెట్టెను కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ తెరలోనే ఇమిడిపోయిన రకం. పక్క సీటులో ఉన్నామె పెట్టె మీది బొమ్మనే చూస్తోంది. చీరల డిజైన్లు గీస్తుందట, తన ఇంట్లోనూ అలాంటిదే ఉందట.

"ఇంక ఇలాంటివి కొత్తగా చేస్తే వాటిలో ఏముండాలక్కా?" అన్నాను, మాట కలపడానికి.

"పైన కన్నుండాది చూడప్పా, దానికి రెప్ప ఉండాల."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆపేస్తే తెర అద్దం మాదిరి ఉంటాది గదా. నీళ్ళు పోసుకునేకి పోతా బొట్టుబిళ్ళ తీసి దానికే అంటిచ్చేదాన్ని. ఒగ దినం అది సరిగ్గా కెమెరా మీద పడింది. నేను చూసుకోలా. సాయంత్రం ఎవరో ఫోన్ చేసి, శానా మెత్తగా, 'బొట్టుబిళ్ళ అడ్డంగా ఉంది, తీసెయ్యమ్మా' అన్న్యాడు."

మైదుకూరులో దిగబోతూ నుదుటి బిళ్ళ తీసి, పెట్టె మీది బొమ్మలో కెమెరా ఉన్నచోట అద్ది వెళ్ళిపోయింది.

ఆ బిళ్ళ ఇప్పుడు నా కెమెరా మీద ఉంది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే నేను ఎత్తను.