సుక్రిల ఊళ్లో నా మొదటి పెద్ద పని

అరకులో నేను వెబ్‌సైట్ల పని మొదలుపెట్టిన మూడో ఏడు, కాఫీ పళ్లు ఎర్రబడే రోజుల్లో, రైతుల సంఘం ఒకటి నన్ను పిలిచి పెద్ద పని అప్పగించింది. ఇప్పుడు తేలిగ్గా చెబుతున్నాను కానీ, ఆ రోజు సంఘం మేనేజరు రమణమూర్తి గారు పని వివరిస్తుంటే ఇది నా వల్ల అవుతుందా అని భయమేసింది. మొహం మాత్రం ఇలాంటివి రోజూ చేస్తానన్నట్టే పెట్టాను.

నిజానికి అప్పటిదాకా చేసినవన్నీ చిల్లర పనులే. టిఫిన్ హోటల్ మీది గదిలో ఒక్కదాన్నే కూర్చుని, పర్యాటకులకు గదులు అద్దెకిచ్చేవాళ్లకి సైట్లు చేసిపెట్టేదాన్ని. నాలుగు పేజీలు, కొండ బొమ్మ, బొంగు చికెన్ బొమ్మ, ఫోన్ నంబరు. యజమాని నా పక్కనే కుర్చీ వేసుకుని, "ఆ పచ్చరంగు ఇంకాస్త ముదురుగా ఎట్టండి మేడమ్, బేగి" అనేవాడు. జనం చూస్తున్న సైటులోనే, అంటే మా వాడుకలో లైవ్‌లోనే, అప్పటికప్పుడు మార్చేసేదాన్ని. తప్పు జరిగినా పోయేది ఒక బొమ్మ. ఆ పచ్చరంగులతో నాకు విసుగెత్తిపోయింది. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే విజయనగరం వెళ్లిపోయి, పాత కంప్యూటర్ సెంటర్లో మళ్లీ పాఠాలు చెప్పుకోవడమే అని తేల్చుకున్నాను. అందుకే సంఘం పని ఎలాగైనా దక్కించుకోవాలనిపించింది.

పని ఇదీ. ప్రతి కాఫీ బస్తాకీ ఒక కోడ్ స్టిక్కర్ అంటించాలి. దాన్ని ఫోనుతో స్కాన్ చేస్తే ఆ కాఫీ ఎవరిదో, ఏ తోటదో కనపడాలి. మందులు కొట్టని పంట అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు అడిగేది అదే. ఒక్క బస్తా జాడ తప్పినా ఊరు మొత్తానికి సర్టిఫికెట్ ఆగిపోతుంది. ముందు ఒక ఊళ్లో ట్రయల్. నెగ్గితే చుట్టుపక్కల కొండల్లోని మిగతా ఊళ్లన్నీ నాకే. నెగ్గకపోతే పట్నం కంపెనీకి.

ఒకే రైతు రెండుసార్లు నమోదు కాకూడదని నేనొక నియమం పెట్టాను. ఇంటిపేరు, పేరు, ఊరు మూడూ ఒకటే అయితే మనిషీ ఒకరే. అది రాసుకుని కాస్త మురిసిపోయాను కూడా. సంఘం ఇచ్చిన పేర్లు, ఫొటోలు ఎక్కిస్తుంటే "ఈ రైతు ముందే ఉన్నారు" అని పదేపదే వచ్చింది. సంఘంవాళ్లు పొరపాటున రెండేసిసార్లు రాసి ఉంటారనుకుని కలిపేశాను.

ట్రయల్ రోజున కాఫీ ఎండబెట్టే కళ్లం దగ్గర అందరం చేరాం. కొర్ర సుక్రి అనే నడివయసు రైతు తన బస్తా తెచ్చి దించింది. రమణమూర్తి గారు స్కాన్ చేశారు. ఫోనులో వేరే ఆవిడ ఫొటో వచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"నాను ఆ సుక్రిని కాదమ్మా," అంది ఆమె, తనూ నవ్వు ఆపుకోలేక. "శుక్రోరం పుట్టిన గుంటకి మా ఊళ్లో సుక్రి అనే పేరెడతారు. ఊరంతా కొర్రోళ్లమే. నువ్వేటి, మమ్మల్నందర్నీ ఒక్కదాన్ని సేసేసినావా?"

రమణమూర్తి గారు నవ్వలేదు. నా చెయ్యి పాత అలవాటు కొద్దీ కీబోర్డు మీదికి పోయింది. అక్కడికక్కడే లైవ్‌లో పేర్ల పక్కన అంకెలు వేసేశాను. సుక్రి ఒకటి, సుక్రి రెండు.

"ఒకటో సుక్రి ఎవులు? నానెందుకు రెండోదాన్ని?" అంది ఆమె. ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు.

మరి మీలో మీరు ఏమని పిలుచుకుంటారని అడిగాను.

"తోట పేరెట్టి. నా తోట వాగు దాటినాక ఉంది, అందుకే నాను గెడ్డవతల సుక్రిని. ఇది రాతిబంద సుక్రి. అల్లదిగో, అది జీలుగుచెట్ల సుక్రి."

లాప్‌టాప్ మూసేశాను. వచ్చే సంత రోజుదాకా గడువు అడిగాను. ఇచ్చారు కానీ, ఆ రోజు పట్నం కంపెనీవాళ్లు కూడా వస్తారని మేనేజరు గారు పొడిగా చెప్పారు.

చేసిన డేటాబేసునంతా పునాదితో సహా పడగొట్టాను. మనిషి కింద తోట కాదు, తోట కింద మనిషి ఉండేలా మళ్లీ కట్టాను. సుక్రిల వెంట ప్రతి తోటకీ నడిచి, అక్కడే నిలబడి ఫోనులో దాని చోటు గుర్తించి, తోటలోనే ఫొటో తీశాను. లైవ్ జోలికి మాత్రం పోలేదు. పక్కన పరీక్ష కోసం ఒక నకలు పెట్టి, ఆ ఆడవాళ్ల చేతే వాడించి చూశాను. వాళ్లు నిర్దాక్షిణ్యంగా తప్పులు పట్టారు.

సంత రోజున ముందు పట్నం వాళ్ల వంతు. వాళ్ల తెరలు నావాటికన్నా ఎంతో అందంగా ఉన్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంటిపేరు, పేరు, ఊరు అడిగాయి. రెండో సుక్రి దగ్గరికొచ్చేసరికి "ఈ రైతు ముందే ఉన్నారు" అన్నాయి. నేను నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. అయినా బయటపడే ఉంటాను.

నా వంతు రాగానే సుక్రిలు తమ బస్తాలన్నీ కావాలనే కలగాపులగంగా కుప్ప వేశారు. "ఇప్పుడు సెప్పమను నీ ఫోన్ని," అంది రాతిబంద సుక్రి. మేనేజరు గారు ఒక్కో బస్తా స్కాన్ చేస్తుంటే, తోట పేరు, దాని కింద మనిషి ఫొటో తప్పకుండా వచ్చాయి. గెడ్డవతల సుక్రి ఫోను లాక్కుని తన తోటని, తనని చూసుకుంది. "ఇదిగో, ఇది నాను," అని అందరికీ తిప్పి చూపించింది.

ఊళ్లన్నీ నాకే వచ్చాయి. టిఫిన్ హోటల్ గది చాలక ఆఫీసు తీసుకుని మనుషుల్ని పెట్టుకున్నాను. రిటైరయ్యేదాకా పెద్ద పనులే చేశాను. ఆ ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పేరూ నాలాగే పద్మ. అందుకని నన్ను సుక్రిల పద్మ అంటారు. ఇప్పటికీ అంతే.

చిన్న పనిలో సైటు కావలసినవాడు తనే కుర్చీ వేసుకుని మన పక్కన కూర్చుంటాడు, అడక్కపోయినా చెబుతాడు. పెద్ద పనిలో దాన్ని వాడేవాళ్లు ఎక్కడో కొండ మీద ఉంటారు. మనమే వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవాలి. ఆ ఊళ్లో నేను నేర్చుకున్నది అదే.